సగం వంతెనకి ఎల్‌సీ తెచ్చిన మావ

మా పక్కింటి లైన్‌మన్ మావ మొన్న సోమవారం తెల్లారేసరికి లేడు. నిద్రలోనే పోయాడన్నారు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే కదండీ, సగం వంతెన మీద కూర్చుని పులీ మేకా ఆటలో నన్ను చిత్తుగా ఓడించి, "నీకు మేకలు కాయడం రాదే కోడలా" అని పకపకా నవ్వాడు!

మావంటే నాకు చుట్టమేమీ కాదు. నేను కాపురానికొచ్చిన రోజు మా ఇంట్లో కరెంటు పోతే, వచ్చి ఫ్యూజు వేసి, "కోడలా, ఎలుతురొచ్చిందా?" అని కేకేసిన మనిషి. ఆ రోజు నుంచీ మావే.

సగం వంతెన సంగతి మీకు చెప్పాలి. తుపానులో మా ఊరి గెడ్డ పొంగి, పాత వంతెనలో అవతలి సగాన్ని ఊడ్చుకుపోయింది. కొత్త వంతెన ఎగువన కట్టారు. ఇవతలి సగం మాత్రం అలాగే మిగిలిపోయింది. దాని మీద గేదెలు పడుకునేవి, తాగుబోతులు సీసాలు పగలగొట్టేవారు. అప్పుడే రిటైరైన మావ, రోడ్డు పక్కన పడున్న విరిగిన కరెంటు స్తంభాలనూ ఆ సగం వంతెననూ మార్చి మార్చి చూశాడు. ఒకరోజు మా గుమ్మంలోకొచ్చి అరిచాడు: "ఒలమ్మో కోడలా! మన ఊర్లో పార్కున్నాది! ఎవులూ సూడనేదు గానీ, ఉన్నాది!"

ఇక్కడ ఎల్‌సీ గురించి చెప్పకపోతే మావ మీకు అర్థం కాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. లైనులో కరెంటు ఆపేశామని అక్కడివాళ్లు మాటిస్తే తప్ప ఎక్కకూడదు. పనయ్యాక అందరూ దిగారని చూసుకుని, తీసుకున్నవాడే ఎల్‌సీ తిరిగిచ్చెయ్యాలి. అప్పుడే మళ్లీ కరెంటు వదులుతారు. మావకి బతుకంతా అదే పద్ధతి. మా పెరట్లో మునక్కాయ కొయ్యాలన్నా, "కోడలా, ఎల్‌సీ ఇస్తావా?" అనేవాడు.

పార్కుకీ అంతే. పంచాయతీ సరేనంది. కరెంటాఫీసువాళ్లు విరిగిన స్తంభాలు తీసుకోమన్నారు. శ్రీకాకుళం నుంచి ఇంజనీరొచ్చి చూసి, బళ్లు వద్దు, మనుషులు తిరగొచ్చు, విరిగిన చివర మాత్రం గట్టి అడ్డు కట్టండన్నాడు. అంతటితో ఆగితే మావ ఎందుకవుతాడు? ఇంటింటికీ తిరిగి ఎల్‌సీ అడిగాడు. అందరూ ఇచ్చారు, చివరింటి అప్ప తప్ప.

అప్ప భర్త ఆ తుపానులో వంతెన మీదుండగానే కొట్టుకుపోయాడు. "మా ఆయన పోయిన కాడ మీ గుంటలు ఉయ్యాలలూగుతారా?" అని ఆమె తలుపేసుకుంది.

నాకు ఒళ్లు మండింది. పిల్లలేమో రోజూ "ఎప్పుడు తాతా?" అని ప్రాణం తీస్తున్నారు. "ఊరంతా ఒప్పుకుంది కద మావా, ఆవిడొక్కర్తి కోసం ఆపేస్తావేటి?" అని దెబ్బలాడాను.

"ఒక్క వైరులో కరెంటున్నా సాలు కోడలా, పైనున్నోడు బతికి దిగడు. అప్ప ఇయ్యకపోతే పార్కు నేదంతే" అన్నాడు.

రోజూ సాయంత్రం వెళ్లి ఆమె అరుగు మీద కూర్చునేవాడు. పార్కు మాటెత్తేవాడు కాదు. వర్షాల గురించో, వంకాయల గురించో రెండు మాటలాడి వచ్చేసేవాడు. వానాకాలం అలాగే గడిచిపోయింది. చలి మొదలయ్యాక ఒకరోజు అప్పే అడిగింది.

"ఆ సివర ఏటి కడతావు?"

"ఏదైనా వల సంపాదిద్దారని సూస్తన్నానప్పా."

ఆమె లోపలికెళ్లి, భర్త చేపల వేటకు తీసుకెళ్లే పెద్ద వలను అటక మీంచి లాగి, మావ ముందు పడేసింది. "ఇది కట్టు. ఇంకెవులూ పడిపోకూడదు."

మావ పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. "వచ్చేసినాది కోడలా, ఎల్‌సీ వచ్చేసినాది! బేగి రా!"

అబ్బ, ఏం రోజులండీ అవి! ఊరు ఊరంతా వంతెన మీదే. విరిగిన చివర స్తంభాలు అడ్డుగా బిగించి, వాటికి అప్ప వల కట్టారు. మిగిలిన ముక్కలు బెంచీలయ్యాయి. వంగిపోయిన ఇనప స్తంభాలు రెండు సాపు చేయించి ఉయ్యాల వేశాడు మావ. తీరా చూస్తే బల్ల నా భుజాలంత ఎత్తులో ఉంది! జీవితమంతా స్తంభాల మీద గడిపిన మనిషికి పిల్లల ఎత్తు ఎలా తెలుస్తుంది? అందరం కడుపు పట్టుకుని నవ్వాం. నాలిక్కరుచుకుని కిందికి దించాడు. పాత తారు మీద సున్నంతో పులీ మేకా గడి గీశాడు. స్తంభాల మీంచి ఊడిన పింగాణీ ఇన్సులేటర్లే పావులు. గోధుమరంగువి పులులు, తెల్లవి మేకలు.

మా ఊరి ఆడవాళ్లం ఇంటి గుమ్మం కాకుండా మరోచోట, పనేమీ లేకుండా, కాళ్లు చాపుకుని కూర్చున్నది అక్కడే మొదటిసారి. ఆ రుణం ఎలా తీరుతుంది నాకు?

అప్ప మాత్రం వంతెన మీద అడుగు పెట్టలేదు. తన అరుగు మీంచే చూసేది. దీపాలవేళకు మావ వంతెన మొదట్లో నిలబడి, "అందరూ దిగిపోనారా?" అని అరిచేవాడు. "దిగిపోనాం!" అని పిల్లలు గెడ్డ మారుమోగేలా కేకేశాకే అడ్డంగా గొలుసు తగిలించేవాడు.

సోమవారం దహనం అయిపోయింది. సాయంత్రం పిల్లలొచ్చి గొలుసు ముందు బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు. ఆ గొలుసు ముందురోజు మావ తగిలించింది. తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

చివరింటి నుంచి అప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏట్రా, అలా ఉండిపోనారు?"

"తాత లేడు కదా" అంది ఒక పిల్ల.

"మీ తాత నా కాడ ఎల్‌సీ తీసుకున్నాడు. తిరిగియ్యకుండా పోనాడు. అంటే పని ఇంకా అవ్వనేదు. ఎక్కండి!"

గొలుసు తనే తీసింది. అందరికంటే ముందు తనే ఎక్కింది. తిన్నగా చివరిదాకా నడిచి, మొగుడి వల మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఆమె వెనక ఉయ్యాల కిర్రుమని కదిలింది. పిల్లల గోల మొదలైంది. తర్వాత వచ్చి, మావ కూర్చునే బెంచీ మీద కూర్చుని, గోధుమరంగు పింగాణీలన్నీ తన వైపు లాక్కుంది.

"రాయే కోడలా. పులులు నావి. నీ మేకల్ని కాసుకో."