ఆ చలికాలం మా ఊరి హాకీ జట్టుకు గోల్‌కీపర్ని నేనే

మా చిన్నప్పుడు శనివారం వచ్చిందంటే ఇల్లంతా తడి గ్లౌజుల వాసనే... గదిని వెచ్చబెట్టే హైట్సుంగ్ దగ్గర అమ్మ కట్టిన దండెం మీద ఒకవైపు నాన్న లుంగీ, ఇంకోవైపు చిన్న పరుపుల్లాంటి నా కాళ్ళ ప్యాడ్లు ఆరుతుండేవి. వాటి నీళ్ళు నేల మీద కారకుండా రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన ఇత్తడి తాంబాళం కింద పెట్టేది అమ్మ.

జర్మనీలో, హార్ట్స్ కొండల్లో చిన్న ఊరు మాది. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. చలికాలం నాలుగింటికే చీకటి పడిపోయేది... పిల్లలం పోయేది స్కేటింగ్ చేసే ఐస్ హాల్‌కొక్కదానికే.

మా జూనియర్ ఐస్ హాకీ జట్టుకు పెద్ద చరిత్రే ఉండేది. మా కోచ్ హెర్ బ్రాంట్, అంటే బ్రాంట్ గారు, మేం స్కేట్లు కట్టుకుంటున్నంతసేపూ అదే చెప్పేవారు. ఆయన తండ్రి కుర్రతనంలో, కట్టెకోత మిల్లు వెనక చెరువు గడ్డకడితే, చెట్టు కొమ్మలు విరిచి కర్రలు చేసుకుని ఆడేవారట. తర్వాత ఊరివాళ్ళంతా తలో చెయ్యీ వేసి, ఐస్ మీద ఆడుకోవడానికి రింకు కట్టుకున్నారు. దానికి పైకప్పు లేదు... మంచు కురిస్తే ఆట ఆపి, పారలతో ఎత్తిపోసి, మళ్ళీ ఆడేవారట. కప్పు వేసేనాటికి హెర్ బ్రాంటే జట్టులో ఉన్నారు.

"పక్క ఊరి హాల్ పెద్దదే. కానీ ముందు ఆడింది మనం," అనేవారాయన, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు...

నాకు పదకొండేళ్ళప్పుడు మా గోల్‌కీపర్ కుటుంబం వేరే ఊరు వెళ్ళిపోయింది. "గోల్‌కీపర్ లేకపోతే ఈ ఏడు మనం లీగ్ నుంచి తప్పుకోవాల్సిందే. ఎవరుంటారు?" అని అడిగారు హెర్ బ్రాంట్. అందరూ తలలు దించుకున్నారు. జట్టులో అందరికన్నా మెల్లగా స్కేటింగ్ చేసేది నేనే... ముందుకెళ్ళి గోల్ కొట్టే రాత నాకు లేదని తెలుసు. చెయ్యెత్తాను.

ఐస్ హాకీలో బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ నాన్న మీద విరుచుకుపడింది. "అంత గట్టి బిళ్ళ మొహమ్మీదకొస్తుంటే ఇది ఎదురెళ్ళి నిలబడుతుందంట! పళ్ళు రాలితే మీరు కట్టిస్తారా?"

"నేను పళ్ళ డాక్టర్ని కాదు కదే," అన్నాడు నాన్న. అమ్మకి నవ్వు రాలేదు.

మొదటి మ్యాచ్‌లో గోల్ మీద గోల్... హెల్మెట్ లోపల ఏడ్చాను. హెర్ బ్రాంట్ వచ్చి నా హెల్మెట్ మీద మెల్లగా తట్టి, "మంగళవారం ప్రాక్టీసుకి వస్తావుగా?" అన్నారు. అంతే.

రెండో మ్యాచ్ నాడు నాన్నకి డ్యూటీ పడింది. తప్పక అమ్మే కారు తీసింది. వచ్చి గోల్ వెనక అద్దం దగ్గర నిలబడింది గానీ, బిళ్ళ మా వైపు వస్తే చాలు, వీపు తిప్పేసేది. జనం అరుపుల్ని బట్టి ఏమైందో ఊహించుకునేది.

ఆట సగంలో బిళ్ళ నా గొంతు కింద తగిలింది. వెల్లకిలా పడ్డాను. హాలంతా నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దానికే అమ్మ ఇటు తిరిగింది. రెండు చేతులూ అద్దానికి ఆనించి, "సంధ్యా! దెబ్బ తగిలిందా తల్లీ?" అని అరిచింది.

"అలెస్ గూట్, మమ్మీ!" అన్నాను, లేస్తూ. ఏమీ కాలేదని.

అప్పట్నుంచీ అమ్మ వీపు తిప్పలేదు. బిళ్ళ వచ్చినప్పుడల్లా "ఆపు! ఆపవే!" అని ఒకటే కేకలు. పక్కనున్న తల్లులు ఆ మాటకి అర్థం అడిగారు. తర్వాతి వారానికి గ్యాలరీ అంతా "ఆపూ... ఆపూ..." అని మోగిపోయింది. ఆ జర్మన్ నోళ్ళలో తెలుగు వింటూ నవ్వాపుకోలేక నేనొక గోల్ వదిలేశాను కూడా!

ఆ చలికాలం మేం గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ పక్క ఊరి మీద. హెర్ బ్రాంట్ ఐస్ మీదే కూర్చుండిపోయారు. కళ్ళు తుడుచుకుంటున్నారని మేమెవరం చూడనట్టే నటించాం...

వసంతం వచ్చేసరికి హాల్‌లో నీళ్ళు గడ్డకట్టించే యంత్రం చెడిపోయింది. కొత్తది కొనే స్తోమత ఊరికి లేదు. హాల్ మూసేశారు. మా జట్టుని పక్క ఊరి జట్టులో కలిపేశారు. అక్కడ లేనా అనే పిల్ల గోల్‌కీపర్... నాకన్నా ఎంతో బాగా ఆడేది. మొదటి రోజు నేను బెంచీ చివర ముడుచుకుని కూర్చుంటే, లేనాయే జరిగి పక్కన చోటిచ్చింది. "నిన్ను దాటించి గోల్ కొట్టడం మాకెంత కష్టమైందో తెలుసా?" అంది. ఇంకో రెండేళ్ళు, ఎక్కువగా ఆ బెంచీ మీదే ఆడాను... ఆ తర్వాత మానేశాను.

ఇప్పుడు నేను ఎష్‌బోర్న్ అనే పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాను. పోయిన డిసెంబరులో అమ్మా నేనూ మా పాత ఊరు వెళ్ళాం. హాల్ లేదు. అక్కడ సూపర్‌మార్కెట్ పార్కింగ్ ఉంది. అమ్మ కార్ల మధ్య అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగి, "గోల్ ఇక్కడే కదూ?" అంది.

"కాదమ్మా, ఇంకొంచెం అటు..."

"నీకేం తెలుసు? నువ్వు ముందుకు చూస్తూ నిలబడేదానివి. వెనకనుంచి చూసింది నేను!"

సామాన్ల బండి తోసుకుంటూ వెళ్తున్న ఒకావిడ మా ఇద్దరినీ వింతగా చూసింది...

అక్కడి పిల్లలు ఇప్పటికీ ఆడుతున్నారట. కాకపోతే పిల్లలు తగ్గి, చుట్టుపక్కల మూడు ఊళ్ళకీ కలిపి ఒకటే జట్టు. చొక్కా మీద మూడు పేర్లు... మా ఊరిది అన్నిటికన్నా కింద, చిన్నక్షరాల్లో. చెరువు మీద కొమ్మలతో మొదలైన ఆటకి ఇప్పుడు మిగిలింది ఆ చిన్నక్షరాలే...

మీరు చిన్నప్పుడు ఆడిన చోట ఇప్పుడేముంది? ఎప్పుడైనా వెళ్ళి నిలబడి చూశారా...?