పుచ్చున్నంత మేరకే

మా బావగారికి ఇంట్లో ఒక పేరుంది: కొలబద్ద. జేబులో టేపు లేకుండా ఆయన పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడు. ఆయన ఎదట కాదులెండి, వంటింట్లో నేనూ అక్కా మాత్రమే అనుకునే పేరది. అక్క అంటే ఆయన భార్య, నా తోడికోడలు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఫర్నిచర్ షాపు. ముందు గదిలో అమ్మకం, వెనక షెడ్డులో పని. ముందు మాట్లాడేది బావగారు, వెనక చేసేది అక్క. మా ఆయన మధ్యలో నిలబడి తలూపుతాడు. గంగిరెద్దుకైనా ఎప్పుడో ఒకప్పుడు మెడ నొప్పి పుడుతుందేమో గాని మా ఆయనకి పుట్టదు.

కొనడానికి ఎవరొచ్చినా బావగారి మాట ఒకటే. అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచి, "పుచ్చు చెక్క మా గడప దాటదండీ. ఒక్క చిల్లు కనబడిందా, పలక మొత్తం పొయ్యిలోకే!" అంటాడు. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని వింటారు. ఇంత నిజాయితీపరుడు ఈ రోజుల్లో ఉన్నాడా అనుకుంటూ ఇంటికెళ్తారు.

అంతా కోత. మంచి టేకు పలకకి పురుగు పడితే, బావగారు దాని మీద గోనెపట్టా కప్పి తెచ్చి అక్క ముందు పెట్టేవాడు. అక్క ఉలి పట్టుకుని పుచ్చున్న మేర తవ్వేది. చుట్టూ ఒక వేలెడు మంచి చెక్క కూడా కలిపి తీసేసేది. ఆ గుంటకి మందు పట్టించి ఆరబెట్టి, అదే చారలున్న ముక్క వెతికి జిగురు పెట్టి అతికేది. ఆ పైన చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది పాలిష్ కొట్టిందంటే, అతుకెక్కడుందో ఆవిడే చూపించాలి తప్ప ఇంకెవరికీ దొరకదు. "చెప్పి అమ్మండి, తప్పేముంది?" అనేది అక్క. "నీకు వ్యాపారం తెలీదు, నోర్మూసుకో" అనేవాడు ఆయన. సొమ్మొకరిది, సోకొకరిది. చాలా ఏళ్ళు అలాగే గడిచింది.

ఒకనాడు స్నానం చేస్తుంటే అక్క ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. రేగుపండంత ఉంటుంది. ముందు నాకే చెప్పింది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. ఫొటోలు తీశారు, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, క్యాన్సర్ అన్నారు. ఆ మాట విన్న రోజు మేమిద్దరం బస్‌స్టాపులో కూర్చుని, వచ్చిన బస్సునల్లా వదిలేశాం. నాకు ఏడుపు ఆగలేదు. అక్క ఏడవలేదు. "ఇంట్లో ఎలా చెప్పాలే?" అంది, తప్పేదో తను చేసినట్టు.

తర్వాతిసారి బావగారూ వచ్చాడు. సర్జను ఒక ఆడ డాక్టరు, తొందర లేని మనిషి. కుర్చీ అక్క వైపుకి జరుపుకుని కూర్చుంది.

"గడ్డ చిన్నదమ్మా, ఒక్క చోటే ఉంది. అందుకని మీకు రెండు దారులున్నాయి. రొమ్ము మొత్తం తీసెయ్యొచ్చు. లేదా గడ్డనీ, చుట్టూ కొంచెం మంచి కండనీ తీసి, రొమ్ము ఉంచెయ్యొచ్చు. ఉంచితే తర్వాత కొన్ని వారాలు రోజూ వచ్చి రేడియేషన్ తీసుకోవాలి. తీసిన ముక్క అంచుల్లో జబ్బు కనబడితే ఇంకోసారి ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. ఉంచిన రొమ్ములో మళ్ళీ వచ్చే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, అది తగ్గించడానికే రేడియేషన్. ప్రాణం మాటకొస్తే మాత్రం, మీలాంటి వాళ్ళకి రెండు దారులూ ఒకటే. ఏది కావాలో ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించేదేముంది డాక్టరుగారూ, మొత్తం తీసెయ్యండి" అన్నాడు బావగారు.

"నేను ఆవిణ్ణి అడిగాను."

"ఆవిడ మాటా అదేనండీ."

అక్క ఒళ్ళో ఉన్న సంచి పిడి గట్టిగా పట్టుకుంది. "వచ్చే వారం రండి, ఆవిడే చెప్తారు" అని డాక్టరమ్మ మమ్మల్ని పంపించేసింది.

ఆ ఆదివారం షాపు మూసి, ముందు గదిలో పంచాయితీ పెట్టాడు బావగారు. ఆయన అక్కగారు, అంటే మాకు వదిన, రిక్షా కట్టించుకుని మరీ వచ్చింది. అందరూ ఆ గదిలో ఉన్న పెద్ద టేకు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ బల్ల అంటే బావగారికి ప్రాణం. ఒకే పలకతో చేసిందనీ, ఒక్క మచ్చ లేదనీ ఊరంతా చెప్పుకున్నాడు. వదిన దాన్ని తన ఇంటికి పట్టుకుపోదామని అప్పటికే మాట తీసుకుని ఉంది.

"ఈ వయసులో అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అని మొదలెట్టింది వదిన. "పిల్లలు పాలు తాగి పెద్దాళ్ళయిపోయారు. ఇంకా దేనికట?"

ఆవిడ పళ్ళన్నీ ఊడిపోయినప్పుడు, నమిలింది చాల్లే అని ఎవరూ అనలేదు. చక్కగా కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. ఆ పళ్ళతోనే ఇప్పుడీ మాట అంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అక్కని అడగరా?" అన్నాను.

"భయంలో ఉన్న మనిషికి ఏం తెలుస్తుందమ్మా? అందుకేగా మనం ఉన్నది" అన్నాడు బావగారు. "ఏమంటావురా తమ్ముడూ?"

"అన్నయ్య చెప్పిందే కరెక్టు" అన్నాడు మా ఆయన. ఇంకేం అంటాడు!

బావగారికి కూడా లోపల భయమేనేమో, పెళ్ళాం పోతుందని బెంగేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. కాని భయపడ్డవాడి గొంతు తగ్గుతుంది. ఈయనది పెరిగింది. అలవాటుగా బల్ల మీద చరిచాడు. "చెక్క పని చేసి బతికినవాణ్ణి నేను. పుచ్చు పట్టిందంటే పలక మొత్తం తీసెయ్యడమే మన పద్ధతి. కొంచెం తీసి కొంచెం ఉంచడాలు మన ఇంటా వంటా లేవు!"

అక్క అప్పుడే టీ గ్లాసులు తెస్తోంది. ఆ మాట విని గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా వచ్చి, గ్లాసులు కింద పెట్టి, బల్ల మీది గుడ్డ ఒక పక్కకి లాగింది. వదిన చెయ్యి పట్టుకుని బల్ల మూలన ఆనించింది.

"వదినగారూ, ఏమైనా తగులుతోందా?"

"ఏముంది? నున్నగా ఉంది."

"ఇక్కడ పుచ్చుండేది. అరచెయ్యంత. నేనే తీసి అతుకేశాను. ఇన్నేళ్ళయింది, మళ్ళీ పురుగు రాలేదు. ఆ గోడ పక్కనున్న బీరువా తలుపుకి మాత్రం అంచున కొంచెం మిగిలిపోయి, రెండోసారి తియ్యాల్సొచ్చింది." భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ఈ పలక పొయ్యిలో పెట్టేద్దామా అని నేనడిగితే మీరేమన్నారు?"

బావగారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఊగే తల ఆపి మా ఆయనే అక్కతో అన్నాడు, ఎవరో లోపల్నుంచి తోసినట్టు: "‘ఇంత మంచి పలక ఎవరైనా పారేస్తారా? పుచ్చున్నంత మేరకే తియ్యి’ అన్నాడు వదినా. నేనక్కడే ఉన్నాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని చూసి నేను గర్వపడ్డది ఆ ఒక్కసారే.

"చెక్కా మనిషీ ఒకటి కాదు" అంది అక్క. "నా ఒంటి సంగతి డాక్టరమ్మకి తెలుసు. నన్ను పలకతో కొలిచింది మీరు. కొలిస్తే సరిగ్గా కొలవండి. టేకు మీద ఉన్నపాటి జాలి నా మీద లేకపోయిందా మీకు? నాకు ఉంచుకోవాలనుంది. కుదరదని ఆవిడంటే మొత్తం ఇచ్చేస్తాను, ఏడుస్తాను, బతుకుతాను. కుదురుతుందని ఆవిడంటుంటే, వద్దనడానికి మీరంతా ఎవరు?"

వదిన బల్ల మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్క కళ్ళలోకి చూసి ఒక మంచి మాట అంటుందేమోనని ఎదురుచూశాను. ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "అయితే ఏరా, పుచ్చు బల్ల నాకు అంటగడదామనుకున్నావా?" అంది. ఇంట్లో మనిషికి క్యాన్సరంటే, ఈవిడకి బల్ల దిగులు.

ఆ వారం డాక్టరమ్మ అడగ్గానే అక్క తన నోటితో తనే చెప్పింది. బావగారు పక్కనే కూర్చుని, టేపు బయటికి లాగుతూ వదుల్తూ ఉన్నాడు. ఆపరేషన్ అయింది. చంకలో గ్రంథులు కూడా తీసి చూశారు, అక్కడికి పాకలేదన్నారు. అంచుల రిపోర్టు వచ్చేదాకా మాత్రం నాకు అన్నం సహించలేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయని తెలిసిన రోజు అక్క నాకు మచ్చ చూపించింది. ఆ పక్క కాస్త చిన్నదైంది. ఒక వంకర గీత ఉంది. "అతుకు బాగానే వేసిందే డాక్టరమ్మ" అని నవ్వింది. బస్‌స్టాపులో ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాను.

రేడియేషన్‌కి రోజూ నేనే తోడెళ్ళాను. చర్మం కమిలింది, నీరసం వచ్చింది, మధ్యాహ్నాలు షెడ్డులో బెంచీ మీదే నిద్రపోయేది. బావగారు ఒక్కరోజు వచ్చాడు. వచ్చి ఆ గది తలుపు చట్రం వంకరగా ఉందని అక్కడి సిబ్బందితో వాదన పెట్టుకున్నాడు. ఆ వరండాలోనే రొమ్ము మొత్తం తీయించుకున్న ఒకావిడ కలిసింది. "వీళ్ళు ఉంచుతామన్నారు. నేనే వద్దు, తీసెయ్యండి అన్నాను. నాకు అలా అయితేనే మనశ్శాంతి" అంది. "మిమ్మల్ని అడిగారు కదా, అది చాలు" అంది అక్క.

అక్క మళ్ళీ ఉలి పట్టింది. బావగారేమైనా మారాడా అంటారా? కుక్క తోక వంకర ఎప్పుడైనా పోయిందా! మొన్న ఒక పెద్దమనిషి మంచం కొనడానికొచ్చాడు. మాటల్లో మాటగా తన భార్యకీ రొమ్ములో గడ్డేదో తేలిందన్నాడు. "ఉంచొచ్చని డాక్టర్లంటున్నారండీ. మేమంతా కూర్చుని, ఎందుకొచ్చిన గొడవ, మొత్తం తీయించేద్దామనుకున్నాం."

బావగారు గొంతు సవరించుకున్నాడు. "అయ్యో, అలా చెయ్యకండి సార్. మా ఆవిడ విషయంలో అందరూ మొత్తం తీసెయ్యమన్నారు. నేనే ఒప్పుకోలేదు. పుచ్చున్నంత మేరకే తియ్యండి అని పట్టుబట్టాను!"

నేను పాలిష్ గుడ్డ నేలకేసి కొట్టాను. అంతలో అక్క చేతిలో ఉలితోనే ముందు గదిలోకి వచ్చింది. మొగుడి వైపు చూడను కూడా చూడలేదు.

"మీ ఆవిడేమందండీ?" అని అడిగింది ఆ పెద్దమనిషిని.

ఆయన తడబడ్డాడు. బావగారి వైపు చూశాడు, మంచం వైపు చూశాడు. "ఆవిణ్ణి... ఇంకా అడగలేదమ్మా."

"మంచం ఎక్కడికీ పోదు" అంది అక్క. "ముందు ఇంటికెళ్ళి అడిగి రండి."