మారిగో మొక్కు సున్నం

మా దీవికి వచ్చేవాళ్ళు ముందు ఇసుకలో పడి ఒళ్ళు కాల్చుకుంటారు. వీపు మండాక సంస్కృతి గుర్తొస్తుంది. తడిబట్టలతోనే కొండెక్కి, నావికుల్ని కాచే పునీత నికోలాస్ చర్చి ముందు ఫొటో దిగి, మళ్ళీ నా పడవెక్కుతారు. "ఎంత తెల్లగా ఉందో!" అని మురిసిపోతారు. తెల్లగా ఉండక ఏం చేస్తుంది? మా ఊరి మారిగో అక్క ఏటా నడుం విరిగేలా సున్నం కొడుతోంది మరి.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆమె మొగుడు జానిస్ పనిచేసే ఓడ తుఫానులో మునిగింది. మూడు రోజులు కబురు లేదు. "మనిషిని ఇంటికి చేర్చు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఏటా ఈస్టర్ ముందు నీ చర్చికి లోపలా బయటా నా చేత్తో సున్నం వేస్తాను" అని నికోలాస్‌కి మొక్కుకుంది. నాలుగో రోజు జానిస్ ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఓడ ముఖం చూస్తే ఒట్టు. కాఫీకొట్టులో పాచికలు వేస్తూ దీవిని ఉద్ధరిస్తున్నాడు. బక్కెట్టు మోయమంటే మాత్రం వెంటనే నడుంనొప్పి వస్తుంది.

ఈ ఏడు చర్చి లోపలి గోడకి పెచ్చు ఊడి, కింద రంగు బయటపడింది. పురావస్తు శాఖ నుంచి ఎవాంథియా అనే అమ్మాయి వచ్చింది.

"దీనికి సున్నం వేసిందెవరమ్మా?"

"నేనే!" అంది మారిగో గర్వంగా. "మా అత్తగారు నేర్పారు. ఏటా రెండు పూతలు."

"ఈ సున్నం కింద ఉన్నది ఆరువందల ఏళ్ళనాటి బొమ్మ! బయటికి తీస్తే ఎక్కడెక్కడి నుంచో చూడ్డానికి వస్తారు. ఇక లోపల కుంచె పెట్టకండి."

మారిగో ముఖం పాలిపోయింది. మొక్కు తప్పితే జానిస్‌కి ఏమవుతుందోనని ఆమె భయం.

"ఏమవుతుందక్కా? పాచిక తగిలి పోతాడా?" అన్నాను.

"నోరు ముయ్యరా. రాత్రంతా ఆయన దగ్గుతుంటే లేచి కూర్చునేది నువ్వా, నేనా?"

నాకు సిగ్గేసింది.

ఈస్టర్ వారంలో ఎవరి మాటా వినకుండా బక్కెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆపుదామని వెనకే వెళ్ళాను. ఎవాంథియా అప్పటికే సున్నం గీకి, బొమ్మలో ముఖం వరకు బయటికి తీసింది. గోడ మీంచి నికోలాస్ రెండు పెద్ద కళ్ళతో చూస్తున్నాడు. మారిగో ఎత్తిన కుంచె దించేసింది.

"ముప్పై ఎనిమిదేళ్ళు నీ కళ్ళనిండా సున్నం కొట్టానా నాయనా!" అని ఏడ్చింది. "అయినా ఆయన్ని కనిపెట్టుకునే ఉన్నావు. ఇక లోపల ముట్టుకోను. నువ్వు మాత్రం ఆయన మీంచి చూపు తిప్పకు."