పులినెక్కిన తాతతో బేరం

సింగపూర్ పాయా లేబర్‌లోని ఓ పాత సామాన్ల కొట్లో, పులినెక్కి కూర్చున్న తెల్లగడ్డం తాత పటం నాకు తెగ నచ్చింది. కొరియాలో పూనకం వచ్చి సోదె చెప్పేవాళ్ళు కొలిచే కొండదేవుడట. మా నాన్న బట్టల కొట్లో పెరిగినవాణ్ణి కదా, నచ్చిన సంగతి దాచి వంకలు మొదలుపెట్టాను.

"రంగు వెలిసింది ఆంటీ. పులి పిల్లిలా ఉంది. సగానికివ్వండి."

కొట్టు నడిపే కొరియన్ ఆంటీ నన్ను గబగబా వరండాలోకి లాక్కెళ్ళింది. "ఆయన వింటాడు. బేరం ఇక్కడ చెయ్యి."

గుసగుసలతోనే ముప్పావు ధరకు దించాను. "ఉండు, ఆయన్ని అడిగొస్తా" అని లోపలికి వెళ్ళి, నవ్వుతూ వచ్చింది. "నీతో వస్తాడట. ఆ రేటుకు మాత్రం రాడట."

మా నాన్న కూడా "ఓనర్ని అడిగొస్తా" అని లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాడు, ఓనరు ఆయనే. ఆ ఎత్తు తెలిసి కూడా, పులి మీదున్న ఓనరుతో వాదించే ధైర్యం లేక అడిగినంతా ఇచ్చాను.