మామ్మ ఆమెన్ అనేవరకూ భోజనం

ఆ రోజుల్లో నాకు లోకంలోని ప్రతి చిక్కుకీ ఎక్కడో ఒక ప్యాకేజీ తయారుగా ఉంటుందని గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయి, పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరి, కంపెనీ బస్సులో వెళ్లి వస్తూ నన్ను నేను చాలా తెలివైనదాన్ని అనుకుంటున్న కాలం అది. ఫోనులో ఏ ఆఫర్ మోగినా నా ఒక్కదాని కోసమే పంపినట్టు ఉండేది. (ఇప్పుడు అలాంటివి వస్తే చదవకుండానే తీసేస్తాను. జ్ఞానం వచ్చి కాదు, చురకలు తగిలి.) ఇంట్లో నాకు రిపోర్టమ్మ అని పేరు. పెట్టింది మా చిన్నాన్న. చీపురు కొనాలన్నా ఎవరెవరో రాసిన రివ్యూలు చదివి, మంచీ చెడ్డా తేల్చి, ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి తీర్పు చదివి వినిపించేదాన్ని. పాపం, వినేవాళ్లు. జీతం తెచ్చే పిల్ల మాట వినకపోతే ఎలా అనుకునేవాళ్లేమో.

మా ఇల్లు విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. చిన్నాన్నకి హార్బర్లో ఐసు ఫ్యాక్టరీలో పని, ధ్యాస మాత్రం పెళ్లి మీదకంటే బిర్యానీ మీద ఎక్కువ. మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, ఇంటికి పెద్ద. చర్చిలో ఆవిడ ప్రార్థన మొదలెడితే పాస్టరుగారు కూడా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చునేవారు. ఇక అమ్మ. ఏటా వేసవిలో బీచి దగ్గర ఎగ్జిబిషన్ పెడితే మేమంతా జెయింట్ వీల్ ఎక్కేవాళ్లం, అమ్మ కింద నిలబడేది. ఒక చేతిలో పులిహోర క్యారేజీ ఉన్న సంచీ, ఇంకో చేతిలో నీళ్ల సీసా, కాళ్ల దగ్గర మా అందరి చెప్పులు. "మీరెక్కండి, నాను సంచీ సూస్తాను" అనేది. అంటూనే తల పైకెత్తి, తిరుగుతున్న ప్రతి తొట్టెనీ మెడ నొప్పెట్టేదాకా చూసేది. ఆ చూపు నాకు ఉద్యోగం వచ్చాక గానీ అర్థం కాలేదు. అమ్మకి ఎక్కాలని ఉంది. సంచీ వల్ల ఎక్కలేకపోతోంది. సంచీలో ఉండేది అన్నం. కాబట్టి అన్నం మోయనక్కర్లేకపోతే సంచీ ఉండదు, సంచీ లేకపోతే అమ్మ ఎక్కుతుంది. ఇంత గొప్ప సూత్రం కనిపెట్టాక నా చేతులు ఊరుకుంటాయా?

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. హైదరాబాదు శివార్లలో ఒక పెద్ద థీమ్ పార్కు (పేరెందుకులెండి), రోజంతా ఆటలు, రాత్రి అక్కడే బస, పైగా ముందే డబ్బు కట్టేస్తే పొద్దున టిఫిను మొదలు రాత్రి భోజనం వరకు అన్నీ వాళ్లవే. చేతికి ఒక పట్టీ కడతారు, అది చూపిస్తే ఎంత కావాలంటే అంత. అందరి తరఫునా కట్టేసి, సాయంత్రం ఇంట్లో తీర్పు చదివాను. నాన్న సందేహంగా చూశారు. "తినకముందే డబ్బు కట్టీడమేటి తల్లీ? ఆ పూట ఆకలెయ్యకపోతే?" అన్నారు. "అన్నా, ఆకలి సంగతి నాకొగ్గీ" అన్నాడు చిన్నాన్న. మామ్మకి ఒకటే చింత, అక్కడ ప్రార్థన చేసుకోనిస్తారా లేదా అని. అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలోంచి "నిజంగా ఏటీ వొండక్కర్లేదేటే?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. కాసేపాగి మళ్లీ వచ్చి అదే అడిగింది.

రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి పార్కులో అడుగుపెట్టాం. నేను అందరి చేతులకీ పట్టీలు కట్టించి, ముందు టిఫిను, తర్వాత జెయింట్ వీల్ అని ప్రకటించాను. నేను లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది. మా ఇంట్లో అందరూ కూర్చోకుండా, మామ్మ ప్రార్థన చెయ్యకుండా ఎవరూ ముద్ద ముట్టరు. ఇంట్లో అయితే మామ్మది చిన్న ప్రార్థనే, ఎందుకంటే వండింది అమ్మ, దేవుడికి ఆవిడ గురించి కొత్తగా చెప్పాల్సింది ఏమీ ఉండదు. ఇక్కడ అలా కాదు. వండినవాళ్లు ఎవరో తెలీదు, కాబట్టి ఒక్కళ్లని కూడా వదలకూడదు. బియ్యం పండించిన రైతు, తెచ్చిన లారీ డ్రైవరు, ఇడ్లీ పిండి రుబ్బిన చెయ్యి, మా చేతికి పట్టీ కట్టిన అబ్బాయి, అందరినీ దీవించమని అడిగి, ఆవిడ ఆమెన్ అనేసరికి దోసెలు అట్టముక్కలయ్యాయి. పైగా "దేవుడికి సెప్పుకున్న అన్నం పారెయ్యరాదు" అని మామ్మ. క్యాంటీనులో ఏళ్ల తరబడి టోకెన్ల మీద తిన్న నాన్నేమో "టోకెనిచ్చీసేక కడుపు నింపుకునే లెగాల" అని. వీళ్లిద్దరి మధ్యా పడి, తిని, మళ్లీ వడ్డించుకుని, వడ్డించుకున్నదానికి మళ్లీ చిన్న ప్రార్థన చేసుకుని, మేం బయటపడేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. ఆటల గేటు దగ్గర "భోజనం చేసిన వెంటనే ఎక్కరాదు" అని బోర్డు. నేను దాన్ని రెండుసార్లు చదివాను, ఏదైనా మినహాయింపు దొరుకుతుందేమోనని.

ఈలోగా చిన్నాన్న అలల కొలనులో దిగాడు. "ఇదేటి, అలా? హార్బర్లో పడవెల్తే ఇంతకన్నా పెద్దది లేస్తాది" అని గట్టిగా ఎగతాళి చేశాడు గానీ, ఎంత పిలిచినా బయటికి రాడు. మధ్యాహ్న భోజనానికి ఆయన్ని వెతకడానికి నాన్న, నాన్నని వెతకడానికి నేను. అందరం చేరాక మామ్మ మళ్లీ కళ్లు మూసుకుంది. పెరుగు గిన్నె పట్టుకుని అటుగా వచ్చిన కుర్రాడు కదలకూడదేమో అనుకుని, గిన్నెతో సహా కళ్లు మూసుకుని నిలబడిపోయాడు. అతన్ని కూడా దీవించింది. భోజనమయ్యాక చూస్తే, మామ్మ మందుల కోసమని తెచ్చిన చిన్న గుడ్డసంచీ ఉబ్బి ఉంది. అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు, కాగితం రుమాళ్లలో చుట్టిన లడ్డూలు. "మనం డబ్బు కట్టిందే కదేటే" అంది అమ్మ, సంచీని పొట్టకి హత్తుకుని. నా సూత్రం అక్కడ సగం కూలిపోయింది. వండనక్కర్లేదు, మోయనక్కర్లేదు అని ఇంతదూరం తీసుకొస్తే, ఆవిడ మళ్లీ సంచీ మోస్తూనే ఉంది, అందులో అన్నం బదులు ప్యాకేజీ ఉంది, అంతే.

అయినా పట్టువదలకుండా అమ్మని జెయింట్ వీల్ దగ్గరికి లాక్కెళ్లాను. ఆగి ఉంది. గాలి ఎక్కువగా ఉందట, సాయంత్రం నడుపుతామన్నారు. అమ్మ కాళ్లు నొప్పి అని చెప్పి, దానికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. చెట్టు నీడ బెంచీలు చాలా ఉండగా ఎండలో ఉన్న దాన్ని ఎంచుకుంది. నేను పక్కన కూర్చుని ఫోనులో భోజనాల వేళలు చూసుకుంటూ ఉన్నాను. కాసేపటికి సాయంత్రం పకోడీలు, టీ వేళయిందని నాన్న పిలుపు. పార్కు ఆ చివర భోజనశాల, ఈ చివర జెయింట్ వీల్. పకోడీలకి కూడా ప్రార్థన అయింది. (వేడి చల్లారాక పకోడీ ఎలా ఉంటుందో మీకు తెలుసు.)

చీకటి పడుతుంటే రాత్రి భోజనానికి అందరం గుమ్మం దగ్గర చేరాం. అప్పుడు వెలిగాయి అవతలి చివర దీపాలు. జెయింట్ వీల్ తిరగడం మొదలైంది. గుమ్మంలో ఉన్న మేనేజరుని అడిగితే, కాసేపట్లో ఆటలు మూసేస్తారని చెప్పాడు. భోజనం మాటేమిటని అడిగితే అదీ కాసేపట్లోనే అన్నాడు. తెల్లారితే మాకు రైలు. నేను ఫోను తీశాను. ముందు తిని వెళ్తే వీల్ ఉండదు, ముందు వెళ్లి వస్తే భోజనం ఉండదు. ల్యాబులో ఇలాంటప్పుడు శాంపిల్ మళ్లీ తెప్పించుకుంటాం, ఇక్కడ అది కుదరదు. నాన్న గొంతు సవరించుకున్నారు. "కట్టీసిన పూట ఒగ్గీడమేటి..." అన్నారు, కానీ ఆ మాట ఆయనకే నచ్చనట్టు మధ్యలో ఆపేశారు. అమ్మ నవ్వింది. "పదండి, తిందాం. పోన్లే, కిందనుంచైనా సూసేం కదా" అంది.

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. అప్పటికీ నేను ఫోనులోంచి తల ఎత్తలేదు. మాట్లాడింది మామ్మ. "ఒలే కోడలా, నీకెక్కాలనుందా, లేదా? సూటిగా సెప్పు." అమ్మ నేల చూపులు చూసింది. బళ్లో లెక్క తప్పిన పిల్లలా "ఉందత్తా" అంది. ఫలానాది నాకు కావాలి అని అమ్మ నోటంట నేను విన్నది అదే మొదటిసారి. "మరి ఎల్లు" అంది మామ్మ. "నాను లోపలికెల్లి ప్రార్థన మొదలెడతాను. మీరొచ్చీవరకూ ఆమెన్ అనను. ప్రార్థన సేత్తన్న ముసల్దాని ముందునుంచి గిన్నెలెవుడు తీస్తాడో నానూ సూత్తాను." చిన్నాన్న ముఖం పాలిపోయింది. "అమా, పోనీ నన్నొక్కడినీ తిననీ..." అన్నాడు. "నువ్వు నా పక్కన నిలబడరా" అంది మామ్మ.

అమ్మా నేనూ పరిగెత్తాం. వెనకే నాన్న. గేటు దగ్గర అమ్మ అలవాటుగా ఆగి సంచీ వైపు చూసుకుంది. "ఇలాగియ్యి" అని నాన్న దాన్ని తీసుకున్నారు. "నాకు రోజూ పైనే కదా. ఓపాలి కిందుండి సూత్తాను." గుడ్డసంచీ భుజానికి తగిలించుకుని, అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, క్రేను ఎత్తుల్లోనే ఏళ్లు గడిపిన మనిషి మెడ వెనక్కి వంచి నిలబడ్డారు. తొట్టె కదిలేసరికి అమ్మ నా మణికట్టు నలిగిపోయేంత గట్టిగా పట్టుకుని కళ్లు మూసేసింది. "దేవా, దేవా" అంటోంది. నేను చేతిగడియారం చూసుకోవాలంటే ఆవిడ వేళ్లు అడ్డం. వేళ్ల సందుల్లోంచి చూశాను. పైకి చేరాక అమ్మ మెల్లగా కళ్లు తెరిచింది. అటు చూసింది, ఇటు చూసింది, వెనక్కి కూడా తిరిగి చూసింది.

"ఒలే, సముద్రం ఏటేపే?"

"సముద్రం లేదమ్మా. ఇది హైదరాబాదు."

"ఇంతెత్తొచ్చినా అగుపించదేటి?" అంది అమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి. మా ఊళ్లో ఏ కొండెక్కినా, ఎవరి మేడెక్కినా ముందు కనిపించేది సముద్రమే మరి. తర్వాత ఆవిడకే నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. తొట్టె ఊగుతోందని కూడా మర్చిపోయి నవ్వింది. కిందికి దిగాక చెప్పులు వేసుకోబోయి ఆగి, "ఇంకో సుట్టు ఎక్కుదామేటే?" అంది. "అమ్మా, డిన్నరు!" అన్నాను నేను. నడిపే అబ్బాయి నా వైపు చూడకుండా అమ్మకి తలుపు తీశాడు.

మేం భోజనశాలకి చేరేసరికి మామ్మ నిలబడే ఉంది, కళ్లు మూసుకుని, చేతులు చాపి. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వడ్డించే కుర్రాళ్లు టోపీలు తీసి పట్టుకున్నారు. చిన్నాన్న ఒక కన్ను మూసి, రెండోది కోడికూర గిన్నె మీద పెట్టాడు. తర్వాత ఆయన చెప్పిందాన్నిబట్టి, మామ్మ అప్పటికి విశాఖపట్నం పోర్టూ, అందులో ఓడలూ, ఓడల్లో మనుషులూ, వేటకెళ్లిన పడవలూ, ఐసు ఫ్యాక్టరీ మోటారూ అన్నీ పూర్తిచేసి, పార్కులో కరెంటు పోకుండా ఉండాలని కూడా అడిగేసి, ఇంకెవరూ దొరక్క, ప్రార్థన మధ్యలోనే "బాబూ, నీ పిల్లల పేర్లేటి?" అని మేనేజరుని అడిగిందట. అతను చెప్పాడట కూడా. మా అడుగుల చప్పుడు విని మామ్మ కళ్లు తెరిచి అమ్మ ముఖం చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. "ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది చిన్నాన్న.

ఇప్పుడు ల్యాబులో నా కింద పనిచేసే పిల్లలు పెళ్లిళ్లయి, కుటుంబాలతో అలాంటి పార్కులకి వెళ్తున్నారు. "మేడం, భోజనాల ప్లాను ముందే కొనెయ్యమంటారా?" అని అడుగుతారు. కొనండి, కాకపోతే ఒక పూట వదులుకోవడానికి కూడా సిద్ధపడి కొనండి అంటాను. నా గొప్పతనం కొద్దీ వచ్చిన సలహా కాదిది. ఆ రాత్రి భోజనంలో ఏం పెట్టారని అమ్మని అడిగితే ఆవిడకి ఒక్కటీ గుర్తులేదు. నాకు సొరకాయ హల్వాతో సహా అంతా కంఠతా వచ్చు. పైనుంచి ఏం కనిపించిందని అడిగితే అమ్మ ఇప్పటికీ చెబుతుంది, వరసగా కదిలే కార్ల దీపాలు, ఎక్కడో పెళ్లి పందిరి, కింద చీమంత నాన్న. నాకు ఒక్కటే కనిపించింది, భోజనశాల గుమ్మం, అది మూస్తారేమోనని. అమ్మ పక్కన అంత దగ్గరగా కూర్చుని, అంత ఎత్తులో, కళ్లు చికిలించి గుమ్మం చూస్తున్న ఆ తెలివైన పిల్ల గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. ఆ పిల్ల గడ్డం పట్టుకుని, మెల్లగా తల అమ్మ వైపు తిప్పాలనిపిస్తుంది.