మేనమామ ఒడి

కొలిచే సాధనాలను సరిచూడడం నా పని. విద్యుత్ కేంద్రంలో ఆవిరి ఒత్తిడి చూపే గేజీలు, వేడి చూపే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షిస్తాను. తేడా ఉంటే సరిచేసి, పక్కన తేదీ వేసిన చీటీ అంటిస్తాను. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నది ఇదే, దోహాలో కొన్నేళ్లు చేసిందీ ఇదే. ఏ పనినైనా అంశాలుగా విడగొట్టి, ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ పోవడం అలవాటైపోయింది. దోహా వదిలి లక్సెట్టిపేటకు వచ్చేశాక, నా కూతుర్ని నా ఇంటికి తెచ్చుకోవాలనుకున్నప్పుడు కూడా అట్లాగే మొదలుపెట్టాను.

కూతురని రాస్తున్నాను గానీ, తను నన్ను పిలిచేది మామా అని. ధర్మపురిలో ఉండే మా అక్కకూ బావకూ ఆమెను దత్తత ఇచ్చాను. దాంతో ఇంట్లో చుట్టరికాలన్నీ మారిపోయాయి. మేనత్త కావలసిన అక్క అమ్మ అయింది. నేను మేనమామనయ్యాను. మా అవ్వ, అంటే నన్నూ అక్కనూ కన్నతల్లి, నాయినమ్మ పదవి వదిలి అమ్మమ్మ అయింది. "ఎటు తిప్పినా ముసల్దాన్నే గదా, నాకేం ఫరక్ పడది" అనేది అవ్వ.

నా భార్య కరీంనగర్ ఆసుపత్రిలో పాపను కన్నాక రక్తస్రావం ఆగక చనిపోయింది. కాన్పు కోసమని సెలవు మీద వచ్చిన నేను ఆ సెలవులోనే కర్మకాండలు చేశాను. పాపను ఆసుపత్రి నుంచి నేరుగా అక్కే ధర్మపురికి ఎత్తుకుపోయింది. అక్కకు పిల్లల్లేరు. అవ్వ మోకాళ్ల నొప్పులతో లేవలేకపోయేది. నేను తిరిగి వెళ్లకపోతే వీసా పోయేది. అవ్వ, అక్క, బావ, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దత్తత పత్రం మీద సంతకాలు చేశాం.

మిగిలింది ఒక్కటే, పాపను నా చేతులతో అక్క ఒడిలో పెట్టే తంతు. పంతులు పంచాంగం తీస్తే అప్పుడు మూఢం నడుస్తున్నది. మూఢంలో మంచి పనులేవీ చేయరు. మూఢం వెళ్లిపోయేసరికి నేను దోహాలో ఉన్నాను. పాప ఎట్లాగూ అక్క దగ్గరే ఉంది కాబట్టి ఆ తంతు జరగలేదన్న సంగతి మెల్లగా అందరి నోళ్లలోంచీ జారిపోయింది.

సెలవుకు వచ్చినప్పుడల్లా ధర్మపురి పోయేవాణ్ని. పాప నడక నేర్చింది, మాట నేర్చింది, నన్ను మామా అనడం నేర్చింది. నవ్వితే ఎడమ పక్క పెదవి కాస్త పైకి లేచేది. నా భార్యకూ అంతే. అది చూసి తిరిగి విమానం ఎక్కడం ఏటికేడు కష్టమైంది. చివరికి ఇక్కడే ఉద్యోగం దొరికింది. పాపను ఇచ్చిన నాటి అడ్డంకులను ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. వీసా గొడవ లేదు. అవ్వ మందులతో లేచి తిరుగుతున్నది. బడి మా గల్లీ చివరే ఉంది. తూర్పు గదికి సున్నం వేయించి, చిన్న మంచం, చదువుకునే బల్ల, కిటికీకి దోమల జాలీ పెట్టించాను. అన్నింటికీ టిక్కు పడింది.

అవ్వ గుమ్మంలో నిలబడి ఆ గదిని చూసింది.

"ఇచ్చినంక మల్ల అడుగుడేంది కొడుకా? పిల్లేమన్న సద్దిగిన్నెనా, కడిగి వాపసు పంపెతందుకు?"

నేను కన్నానని అన్నాను. "నేను గూడ కన్న, ఇద్దర్ని. ఇప్పుడు ఎవలి దిక్కు నిలవడాలె?" అని అవ్వ మోకాలు పట్టుకుని అక్కడే గడప మీద కూర్చుంది.

అక్కను నేరుగా అడిగే ధైర్యం రాలేదు. జగిత్యాలలో ఒక వకీలును కలిశాను. నడివయసు మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పత్రం చదివాడు. చట్టప్రకారం జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేయలేరని, మా అక్క తనంతట తాను తిరిగిస్తానన్నా కుదరదని వివరించాడు. నేను కాగితం మడిచి లేవబోతుంటే అడిగాడు.

"పిల్లను ఇచ్చినట్టు, ఆళ్లు తీసుకున్నట్టు ఈ పత్రంల రాసిండ్రు. ఇచ్చిండ్రా మరి?"

మూఢం సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు కిందికి దించాడు. బిడ్డను ఇవ్వడం, తీసుకోవడం నిజంగా జరగకపోతే దత్తతే నిలవదట. పత్రం రిజిస్టరైంది కాబట్టి కోర్టు ముందుగా దాన్నే నమ్ముతుంది, కాదని మనమే రుజువు చేయాలి, ఏళ్లు పడుతుంది, కానీ కొట్లాడొచ్చు అన్నాడు. చివర్లో ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. "అప్పటిదాంక మేనమామ లెక్క ఏ కార్యంల కూసోకు తమ్మీ. ఫోటోలల్ల పడకు. రేపు అవే తెచ్చి ముందట పెడుతరు."

బస్సులో తిరిగి వస్తుంటే రాయపట్నం వంతెన మీద గాలి చల్లగా తగిలింది. దారి దొరికిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి అవ్వకు మాత్రం చెప్పాను.

ఎండాకాలం సెలవుల్లో పాపను కొన్నాళ్లు పంపమని అక్కను అడిగితే వెంటనే సంచి సర్ది పంపింది. నేను మనసులో దాన్ని ఒక పరీక్షగా పెట్టుకున్నాను. నిద్రపోతుందా, తింటుందా, అక్క కోసం ఏడుస్తుందా, ఇవీ నేను చూడదలచినవి. పాప హాయిగా నిద్రపోయింది. అవ్వ చేసిన సర్వపిండి పెచ్చు మాడిన చోటే ఏరుకుని తిన్నది. ఒక్కసారీ ఏడవలేదు. గోడ మీది నా భార్య ఫోటో ముందు నిలబడి, "నేను గీ అమ్మ కడుపులనే ఉన్నంట గదా" అన్నది. అక్క ఆమె దగ్గర ఏదీ దాచలేదని తెలిసింది. అవునన్నాను. "మంచిగున్నది" అని తీర్పు చెప్పి ఆటకు పోయింది.

నేను పెట్టిన పరీక్షలన్నీ పాసైంది. ఒక్కటి మాత్రం నేను పెట్టనిది. పొద్దూకగానే ఆట ఆపేసి గేటు దగ్గరికి పోయి నిలబడేది. చీకటి పడ్డాక లోపలికి వచ్చేది. దిగులుగా ఏమీ ఉండేది కాదు, ఎవరికోసమో కాపలా ఉన్నట్టు ఉండేది. ఒకరోజు నేనూ పక్కన నిలబడి ఏం చూస్తున్నావని అడిగాను.

"బాపు పసుపు చేన్లకెల్లి అచ్చే యాళ్ల అయింది మామా. కాళ్లకు నీళ్లు నేనే ఇస్త. ఇప్పుడు ఎవలిస్తుండ్రో."

అమ్మ ఇస్తుందిలే అన్నాను.

"అమ్మ అప్పుడు బర్రె కాడుంటది. చెంబు యాడ పెట్టిన్నో బాపుకు ఎర్కలేదు."

ఆ రాత్రి అన్నం తింటూ కూడా నాకు ఆ చెంబే కళ్లముందు ఉంది. నా ఇంట్లో ఆమెకు ఏమేం కావాలో అన్నీ రాసుకున్నాను. ఆ ఇంట్లో ఆమె చేసే పని ఒకటి ఉంటుందని, అది ఆగితే ఆమెకు తోచదని నా అంశాల్లో ఎక్కడా లేదు. ఒక గేజీని గొట్టం నుంచి విప్పి వేరేచోట బిగిస్తే ఏ తేడా లేకుండా పనిచేస్తుంది. కానీ విప్పిన చోట రంధ్రం మిగులుతుంది. దాన్ని ముందు మూయకుండా ఎవరూ విప్పరు. నేను బిగించే చోటే చూసుకున్నాను.

అయినా కేసు మాట మానుకున్నానని చెప్పలేను. పాపను దింపి వచ్చాక కూడా వకీలు నంబరు ఫోన్లోనే ఉంది. అప్పుడు అక్క ఫోన్ చేసింది. పాపకు నడుస్తున్న బేసి సంవత్సరం దాటకముందే చెవులు కుట్టించాలి, మంచి రోజు దొరికింది, రమ్మన్నది. మా దిక్కు చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒడిలో కూర్చోవాలి. కొత్త బట్టలు, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, చక్కెర మేనమామే తేవాలి. వకీలు వద్దన్నది సరిగ్గా అట్లా మేనమామగా పీట మీద కూర్చోవడాన్నే. సరే వస్తానన్నాను. కూర్చుంటానని మాత్రం అనలేదు. బట్టలు కొన్నాను, కుడుకలు కొన్నాను, ఏం చేయాలో తేల్చుకోకుండానే పొద్దున అవ్వను తీసుకుని బస్సెక్కాను.

అక్క ఇంటి ముందు తడక పందిరి వేశారు. బంగారు పని చేసే అవుసులాయన తీగలు సాన మీద నూరి మొన తీస్తున్నాడు. నన్ను చూసి బావ, "బామ్మర్ది వచ్చిండు, ఇగ సూది కంటే ముందుగాల ఈయనే ఏడుస్తడు సూడుండ్రి" అని చుట్టాలను నవ్వించాడు. పాప కొత్త లంగా కోసం నా సంచిలో చెయ్యి పెట్టింది.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతున్నది. గరిటె తిప్పుతూ, నా మొహం చూడకుండానే మాట్లాడింది.

"వకీలు కాడికి పోయినవట."

అవ్వ చెప్పిందా అన్నాను.

"అవ్వ కడుపుల ఎన్నడన్న మాట దాగిందా? తమ్మీ, నువ్వు పిల్లను నా ఒడిల పెట్టలే. నాకు మంచిగ యాదికున్నది. సెలవుకు వచ్చినప్పుడల్లా అడుగుదామనుకున్న. అడిగితే పెట్టనంటవేమోనని భయమైంది. గందుకే ఊకున్న."

పాకం పొంగబోతే పొయ్యి తగ్గించింది.

"ఇయ్యాల నువ్వు మామ లెక్క కూసుంటవో నాయిన లెక్క కూసుంటవో నేనడుగ. నీ ఇష్టం. గని కూసో. సూదికి ఆమె ఇంకెవ్వలి ఒడిల కూసోది, బాపు ఒడిల గూడ. మామ రావాలె అని పొద్దటి సంది ఒకటే పాట."

నేను రుజువు చేయవలసిన విషయాన్ని అక్క తానే ఒప్పుకున్నది. కోర్టులో నేను గెలవడానికి కావలసిన సాక్ష్యం మా అక్కే. అది ఆమెకూ తెలుసు. తెలిసే గరిటె పట్టుకుని నిలబడి చెప్పింది. బయటికి వచ్చి పీట మీద కూర్చున్నాను.

పాప వచ్చి నా ఒడిలో ఎక్కి నా బొటనవేలు పట్టుకుంది.

"మామా, నొస్తదా?"

"నొస్తది."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. చెవులు రెండే గదా."

రెండో చేత్తో చెవులు తడిమి చూసుకుంది. "అయితే పర్వలే" అన్నది. అవుసులాయన పసుపు నీళ్లతో చెవి తుడిచి తీగ గుచ్చాడు. నా వేలు గట్టిగా నొక్కి "ఒకటి" అన్నది. రెండోదానికి ఇంకా గట్టిగా నొక్కి "రెండు" అని కూడా అన్నది. ఇక అయిపోయిందని తెలిశాక అప్పుడు ఏడ్చింది.

ఏడ్చే పిల్ల మామూలుగా తనే దిగి తల్లి దగ్గరికి పరిగెత్తుతుంది, అంతటితో తంతు ముగుస్తుంది. నేను దిగనివ్వలేదు. పాపను ఎత్తుకుని లేచాను. అక్క గడప దగ్గర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. కూర్చోమన్నాను. ఎందుకని అడగకుండా కూర్చుంది. పాపను ఆమె ఒడిలో పెట్టి, కొత్త బట్టలు, కుడుకలు పక్కన పెట్టాను.

"అక్కా, పిల్లను ఇస్తున్న. తీసుకో."

అక్క రెండు చేతులూ పాప చుట్టూ వేసింది. "తీసుకున్న తమ్మీ" అన్నది.

చుట్టాలకు ఇదంతా మేనమామ లాంఛనంలాగే కనిపించింది. బావ ఒక్కడే పక్కనుంచి, "ఏంది బామ్మర్ది, ఆమె పిల్లను ఆమెకే ఇస్తున్నవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ మాత్రం, "మీరు జర ఊకోండ్రి అల్లుడా" అని మందలించి, మోకాళ్లు పట్టుకుని లేచి అక్క నోట్లో, నా నోట్లో ఇంత చక్కెర పెట్టింది. ఫోటోలు తీశారు. అన్నిట్లోనూ నేనున్నాను.

వకీలుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అయితే ఇగ నా పనేం లేదు తమ్మీ. మంచిదే" అని పెట్టేశాడు.

ఇప్పుడు పాప నెలకు రెండు ఆదివారాలు మా ఇంటికి వస్తుంది, సెలవులకు ఇంకా ఎక్కువ ఉంటుంది. తూర్పు గది ఆమెదే. తను లేనప్పుడు అవ్వ ఆ బల్ల మీద వడియాలు ఆరబెడుతుంది, అందుకని నోటు పుస్తకాలన్నీ జీలకర్ర వాసన కొడతాయని పాప ఫిర్యాదు. మొదటిసారి వచ్చినప్పుడే ఈ ఇంట్లో తన పనేమిటో చెప్పమన్నది. ఆలోచించి, మిద్దె మీది నీళ్ల ట్యాంకు అప్పగించాను. మోటారు వేయగానే మెట్లెక్కి కూర్చుంటుంది. నీళ్లు పైదాకా రాగానే "నిండింది మామా, ఆపు" అని వీధంతా వినబడేట్టు అరుస్తుంది. ఒకసారి ఆటలో పడి మరిచిపోయి, నీళ్లు గల్లీ దాకా పారాయి. తనే చీపురు తెచ్చి ఊడ్చింది.

ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగిపోయే స్విచ్ ఒకటి ఉంటుంది. బిగించడం నాకు గంట పని. దాన్ని ఎప్పుడో కొన్నాను. డబ్బా విప్పకుండా అటక మీద పెట్టాను, అక్కడే ఉంది.