తాబేలైపోయిన మొసలి

నా చిన్నప్పుడు అడిగిన ఒక ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. బడిలో అడిగితే కూర్చోమన్నారు. నా పిల్లలు నవ్వారు. గుడి సంఘంలోనైతే సగంలోనే ఆపించి కూర్చోబెట్టారు. అందుకే రాసి పెడుతున్నాను.

అవి అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. మా వాళ్లు సముద్రం దాటి కూలికొచ్చిన సుంగై సుమున్ దగ్గర, మా తోట కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. బియ్యమైనా మనిషైనా గేటు దగ్గర తడిమి చూడనిదే లోపలికి రానిచ్చేవారు కాదు. మా అమ్మమ్మకూ ఆ అనుమానమే పట్టుకుంది. మలేరియాతో వణికిపోతూ కూడా తోట ఆసుపత్రి మాత్రలు నోట పెట్టలేదు. పక్కింటి తాతయ్య అదే జ్వరంతో అప్పుడే పోయాడు.

ఆవిడకు నచ్చజెప్పడానికి పెద్ద డాక్టరు వచ్చాడు. యూదుడు, యూరప్ నుంచి పారిపోయి వచ్చినవాడు. ఆయన ఇంగ్లీషులో చెప్తే, మందులిచ్చే డ్రెస్సరు తమిళంలో చెప్పేవాడు. మా అమ్మ దాన్ని తెలుగు చేసి అమ్మమ్మకు చెప్పేది. డాక్టరు మాత్రల ఊసెత్తకుండా, వాళ్ల తాతగారు హీబ్రూలో చదివి వినిపించిన కథ మొదలుపెట్టాడు. గుండెకాయ చెట్టుమీద మరిచొచ్చానని చెప్పి కోతి ప్రాణం దక్కించుకున్న కథ.

అమ్మమ్మ లేచి కూర్చుంది. "ఇది మా కథే! ఈ దొరకెవులు సెప్పినారు?"

కథ ఇండియాదేనని ఆయన ఒప్పుకున్నాడు. అది అరబ్బుల దగ్గరికి వెళ్తే, వందల ఏళ్ల కిందట యూదు పండితులు హీబ్రూలోకి తెచ్చుకున్నారట. వైద్య గ్రంథాలూ, నక్షత్రాల శాస్త్రమూ అలాగే తెచ్చుకున్నారట. అంతా బాగానే ఉంది. కానీ ఆయన కథలో కోతిని మోసుకెళ్లింది తాబేలు. మా కథలో మొసలి.

"మొసలి తాబేలెందుకైంది?" అని నేనడిగాను. డ్రెస్సరు నెత్తిన మొట్టి, "సుమ్మా ఇరు లా!" అని నోరు మూయించాడు. ఆ మొట్టికాయ నేను మరిచిపోలేదు.

అమ్మమ్మ అందుకుంది. "కథలో మొసలే తాబేలైపోనాది. మందులో ఏటేటి మారిపోనాయో! నానేసుకోను."

డాక్టరు నవ్వలేదు. మాత్ర ఎలా వేసుకోవాలో చెప్పి, ఆ మాటను అమ్మమ్మ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి డ్రెస్సరుకూ, చివరికి తనకూ తిరిగి చెప్పించాడు. అన్నం తిన్నాక వేసుకోమన్నది వెనక్కొచ్చేసరికి తినకముందు అయింది. ఎవరి నోట మారిందో తెలియదు. నా అనుమానం డ్రెస్సరు మీదే. మళ్లీ చెప్పించాడు. పంపిన మాట పంపినట్టు తిరిగొచ్చాకే మాత్ర ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు కలిసినాది," అని అమ్మమ్మ మింగింది. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చినప్పుడు దేశానికి కొత్త జెండా ఎగరేస్తుంటే, నా పక్కనే నిలబడి చూసింది.

ఆనాటి నుంచి ఎవరేం చెప్పినా, నాకు అర్థమైంది వాళ్లకే తిరిగి చెప్పి సరిచూసుకుంటాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. మందు సంగతి అలా తేలింది, మొసలి సంగతే తేలలేదు. మార్చింది అరబ్బులా, యూదులా, డ్రెస్సరా? లేక మా అమ్మేనా? ఆలోచిస్తే తల తిరుగుతుంది. హీబ్రూ చదివినవాళ్లెవరైనా ఉంటే జవాబు చెప్పండి. ఈసారి నన్ను కూర్చోమనకండి.